కారు కన్నెర్ర చేస్తే...

ఎద్దుల బండి తోలేవారికి బండి జబ్బు చెవితోనే తెలిసేది. ఇరుసు కిర్రుమంటే కందెన అయిపోయిందనీ, చక్రం లొడలొడమంటే కడసీల వదులైందనీ ఇట్టే గ్రహించేవారు. మోటారు కారు అలా గోల పెట్టదు. స్టీరింగు వెనుక అద్దంలో చిన్న దీపం ఒకటి వెలిగించి వూరుకుంటుంది. ఆ దీపం ఏ రంగుదో, ఎప్పుడు వెలిగిందో, పక్కన మరే దీపం తోడు వున్నదో చూసుకున్నవారికి సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. చూసుకోనివారికి రెండే దారులు. కంగారుపడి షెడ్డుకు పరుగెత్తి, అడిగినంత డబ్బు ఇచ్చిరావడం ఒకటి. "అది ఎప్పుడూ వెలిగేదేలే" అని సరిపెట్టుకుని కొండ ఎక్కడం రెండవది. మొదటి దారిలో పోయేది డబ్బు మాత్రమే.

కొండ అనే మాట వూరికే అనలేదు. మా వడమాలపేట తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై వెళ్లే రోడ్డు మీద వున్నది. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లి జరిగినా, పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, ఇంటికి కారు వచ్చినా - అది పాత కారే కానివ్వండి - మొదటి ప్రయాణం తిరుమలకే. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికీ, 1974లో వచ్చిన రెండవ దానిని ఎక్కడానికీ వాడుతున్నారు. ఎక్కేటప్పుడు కష్టం ఇంజనుది. దిగేటప్పుడు కష్టం బ్రేకులది.

ఆ కష్టం ఎంతో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. తిరుమలకూ కింద తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో, సామానుతో కలిపి 1,200 కిలోల కారు అంత ఎత్తు దిగేటప్పుడు వదిలే శక్తినంతా బ్రేకులే వేడిగా మార్చవలసి వస్తే, ఆ వేడితో పాతిక లీటర్ల చన్నీళ్లను మరిగేదాకా కాచవచ్చు. ఒక పెద్ద కాగు నిండా నీళ్లన్నమాట! ఆ పనంతా చక్రాల దగ్గర అరచేతిలో ఇమిడే బ్రేకు ప్యాడ్లు చేయాలి. అలాంటి దారిలో బ్రేకు దీపాన్ని పట్టించుకోకపోవడమంటే వెనుక సీటులో కూర్చున్న పిల్లలనూ పెద్దలనూ పణంగా పెట్టడమే.

మూడు దీపాలు, మూడు మాటలు

బ్రేకులకు సంబంధించి కారులో ముఖ్యంగా మూడు దీపాలు వుంటాయి. ఒకటి ఎరుపు, రెండు పసుపుపచ్చ.

ఎర్రదీపంలో వలయం, వలయంలో ఆశ్చర్యార్థకం గుర్తు వుంటుంది. హ్యాండు బ్రేకు దించకపోయినా, బ్రేకు ఆయిలు తగ్గినా ఇదే వెలుగుతుంది. హ్యాండు బ్రేకు పూర్తిగా దించిన తరువాత కూడా వెలుగుతుంటే అది ఆజ్ఞ. బండిని పక్కకు తీసి ఆపవలసిందే.

రెండవది ఏ.బి.ఎస్. అనే అక్షరాలున్న పసుపు దీపం. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా కాపాడే ఏర్పాటు పనిచేయడం మానుకున్నదని దాని అర్థం. మామూలు బ్రేకు వున్నది. తొక్కితే బండి ఆగుతుంది. కాని వానలో, ఇసుకలో హఠాత్తుగా తొక్కితే జారవచ్చు.

మూడవది, జారుతున్న కారు బొమ్మ వున్న పసుపు దీపం. ఇది స్థిరత్వాన్ని కాపాడే ఏర్పాటుది. దీనిని కొందరు ఇ.ఎస్.పి. అనీ, కొందరు ఇ.ఎస్.సి. అనీ అంటారు. మలుపులో బండి మనం తిప్పిన వైపుకు కాక మరో వైపుకు జారబోతే, ఒక్కొక్క చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలో పెట్టడం దీని పని. ఈ దీపం టపటప మిణుకుతుంటే భయం లేదు. ఆ క్షణాన అది పనిచేస్తున్నదని గుర్తు. ఆరకుండా నిలిచి వెలిగితేనే లోపం. అయితే ముందు డ్యాష్‌బోర్డు మీద దానిని ఆపివేసే మీట వున్నదేమో చూడండి. ముందు సీటులో కూర్చున్న పిల్లల వేళ్లు ఆ మీట మీదికి పోవడం కద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. ఎర్రదీపమూ ఏ.బి.ఎస్. దీపమూ కలిసి వెలిగితే దానిని రెండు చిన్న లోపాల కింద లెక్కవేయకూడదు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ బ్రేకు బలాన్ని సరిగా పంచే పని కూడా చాలా కార్లలో ఏ.బి.ఎస్. యంత్రమే చేస్తుంది. ఆ పంపకం చెడితే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి గిర్రున తిరిగిపోవచ్చు. ఆ జంట దీపాలతో ముందుకు పోరాదు.

విమానం నుంచి కారుకు

ఈ విద్య మొదట విమానాలలో బాగా పనికివచ్చింది. తడి రన్‌వే మీద దిగిన విమానం చక్రాలు బిగుసుకుంటే టైర్లు పేలిపోతాయి. అది జరగకుండా 1950 దశకం తొలి సంవత్సరాలలో డన్‌లప్ కంపెనీ మాక్సారెట్ అనే సాధనాన్ని తెచ్చింది. ఇవాళ మా పక్కన రేణిగుంటలో దిగే విమానాల చక్రాలకూ ఇలాంటి రక్షణే వుంటుంది. 1966లో జెన్‌సెన్ అనే ఇంగ్లీషు కారుకు మాక్సారెట్‌ను అమర్చారు. ఇప్పుడు మనం చూస్తున్న పద్ధతిలో ఎలక్ట్రానిక్ ఏ.బి.ఎస్.ను బాష్ కంపెనీ 1978లో మెర్సిడెస్ బెంజి కారుకు అందించింది. స్థిరత్వం కాపాడే ఏర్పాటు 1995లో వచ్చింది.

ఆ రెండవది ఖరీదైన కార్లకే పరిమితమై వుండిపోయేదేమో గాని, 1997లో ఒక సంఘటన జరిగింది. అడవి దుప్పి రోడ్డుకు అడ్డం వస్తే ఎలా తప్పించుకోవాలో చూసే పరీక్షలో, స్వీడన్ దేశపు పత్రిక ఒకటి నడిపిన మెర్సిడెస్ చిన్న కారు బోల్తా పడింది. ఆ దెబ్బతో కంపెనీ ఆ చిన్న కార్లన్నిటికీ స్థిరత్వ యంత్రాన్ని అమర్చవలసి వచ్చింది. మన రోడ్ల మీద దుప్పికి బదులు గేదె అనుకోండి, పరీక్ష అదే.

మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి కొత్త నమూనా కార్లకూ, 2019 ఏప్రిల్ నుంచి తయారయ్యే కార్లన్నిటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. అంతకు ముందు ఎక్కువ ధర పెట్టి కొన్నవారి కార్లకే అది వుండేది. అవే ఇప్పుడు పది, పన్నెండేళ్లు తిరిగి సెకండ్‌హ్యాండు బజారులో మధ్యతరగతివారి చేతికి వస్తున్నాయి. యంత్రం వచ్చింది; దాని దీపాలు చదవడం మాత్రం కొన్నవారికి ఎవరూ నేర్పలేదు.

ఎప్పుడు వెలిగింది?

వైద్యుడు "జ్వరం ఏ వేళకు వస్తున్నది?" అని అడిగినట్లే, దీపం ఏ సమయంలో వెలిగిందో గుర్తుపెట్టుకోవాలి. షెడ్డులో చెప్పవలసిన మొదటి మాట అదే.

తాళం తిప్పగానే వెలిగి అసలు ఆరకపోతే తీగెలో, ఫ్యూజులో, సెన్సారు లోపలి చుట్టలో తెగిన చోటు వుండవచ్చు. బండి కదిలి కొద్ది దూరం పోయిన తరువాత వెలిగితే చక్రాల నుంచి రావలసిన కబురు సరిగా రావడం లేదన్నమాట. మలుపు తిరిగేటప్పుడు ఏ.బి.ఎస్. దీపం వెలిగితే బేరింగు వూగుతూ వుండవచ్చు. లేదా చక్రంతోపాటు వంగే తీగె నలిగి వుండవచ్చు. మలుపులోనో, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడో ఎర్రదీపం ఒక్క క్షణం మెరిసి ఆరితే బ్రేకు ఆయిలు తగ్గి, డబ్బాలో తొణుకుతున్నదని అనుమానించాలి. వాన వెలిసిన మరునాడు వెలిగి ఎండ రాగానే ఆరిపోతే ప్లగ్గులో నీరు చేరింది. ఉదయం స్టార్టు చేసినప్పుడు రెండు మూడు దీపాలు కలిసి వెలిగి కాసేపటికి ఆరిపోతే బ్యాటరీ బలహీనమై వుండవచ్చు.

ఇంకొక చిత్రమైన లక్షణం వున్నది. మెల్లగా వచ్చి బండి ఆగబోయే సమయంలో పెడలు కాలి కింద గరగరలాడుతుంది, రోడ్డు పొడిగానే వుంటుంది. తుప్పు పట్టిన పళ్ల చక్రం వల్ల ఒక చక్రం వేగం తప్పుగా లెక్కకు వచ్చి, జారకపోయినా జారుతున్నదని యంత్రం భ్రమపడుతున్నదన్నమాట.

చవక పరీక్షలు ముందు

వెయ్యి రూపాయల వస్తువును అనుమానించే ముందు పైసా ఖర్చులేని వాటిని చూడాలి.

మొదటిది బ్రేకు ఆయిలు. బానెట్ ఎత్తితే డ్రైవరు వైపున చిన్న డబ్బా మీద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు గీతలు కనిపిస్తాయి. ఆయిలు కింది గీతకు దిగితే రెండే కారణాలు. ప్యాడ్లు అరిగితే వాటి వెనుకనున్న పిస్టన్లు ముందుకు జరిగి, ఆ ఖాళీలోకి ఆయిలు పోతుంది. లేదా ఎక్కడో కారుతున్నది. అందువల్ల ఆయిలు పోసి దీపాన్ని ఆర్పి వూరుకోవడం పొరపాటు. ప్యాడ్లు ఎంత మిగిలాయో, నాలుగు చక్రాల లోపలి వైపు తడి వున్నదో లేదో చూడాలి. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంటే ఇక పరీక్షలు చాలు, బండి కదల్చరాదు.

మనం ఆయిలు అంటున్నాం గాని, మామూలుగా కార్లలో వాడే ఆ ద్రవం నిజానికి నూనె జాతిది కాదు. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని గుణం. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టితే 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4 రకానికి ఆ అంకెలు 230, 155. ఘాట్ దిగుతూ అదేపనిగా పెడలు మీద కాలు వేసి వుంచితే పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నలుగుతుంది గాని ఒత్తిడిని అందించదు; పెడలు నేలకు ఆనుతుంది, బండి ఆగదు. రెండేళ్లకు ఒకసారి ఆయిలు మార్పించుకోవాలనేది అందుకే. దాని స్థానంలో ఇంజను ఆయిలు గాని మరే నూనె గాని పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులు మొత్తం పాడవుతాయి.

రెండవది బ్రేకు తొక్కితే వెనుక వెలిగే లైటు. ఇంట్లో ఎవరినైనా దూరంగా నిలబెట్టి చూడమనండి. పెడలు దగ్గర వుండే చిన్న స్విచ్చి చెడితే కాలు బ్రేకు మీద వున్నదో లేదో యంత్రానికి తెలియక స్థిరత్వ దీపం వెలిగే కార్లు వున్నాయి. వెనుక వచ్చేవాడికి మన బ్రేకు లైటు కనబడకపోవడం అంతకంటె పెద్ద ప్రమాదం.

మూడవది టైర్లు. ఒక చక్రానికి చిన్న సైజు టైరు వేసినా, ఒకదానిలో గాలి బాగా తగ్గినా ఆ చక్రం మిగిలినవాటి కంటె ఎక్కువ చుట్లు తిరుగుతుంది. చుట్లు లెక్కపెట్టే యంత్రానికి అది లోపంగానే కనిపిస్తుంది.

నాలుగవది బ్యాటరీ. తిరుపతి పక్కన కరకంబాడిలో కారు బ్యాటరీలు తయారుచేసే పెద్ద కర్మాగారమే వున్నది గాని, ఇంటి ముందరి కారులో బ్యాటరీ ఎలా వున్నదో చూసుకునేవారు తక్కువ. రాత్రంతా కదలకుండా వున్న మంచి బ్యాటరీ 12.4 నుంచి 12.6 ఓల్టులు చూపాలి. ఇంజను నడుస్తుంటే సాధారణంగా 14 ఓల్టుల దరిదాపులలో వుండాలి. తక్కువైతే ఏ.బి.ఎస్. యంత్రం తన పని మానుకుని దీపం వెలిగిస్తుంది. బ్యాటరీ విప్పి బిగించిన తరువాతనో, అలైన్‌మెంట్ చేయించిన తరువాతనో స్థిరత్వ దీపం వెలిగితే స్టీరింగు నేరుగా వున్న చోటేదో యంత్రం మరచిపోయి వుండవచ్చు. కొన్ని కార్లలో స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి కొంతదూరం నేరుగా నడిపితే మళ్లీ నేర్చుకుంటుంది. కొన్నిటికి స్కానరుతో నేర్పాలి. కారుతో వచ్చిన పుస్తకంలో ఆ సంగతి వుంటుంది.

చక్రం దగ్గర

వీటిలో దోషం లేకపోతే చక్రాల దగ్గరికి రావాలి. ప్రతి చక్రం దగ్గర పళ్లున్న ఉంగరమో, అయస్కాంతపు చుట్టో వుంటుంది. దానికి ఎదురుగా, సుమారు ఒక మిల్లీమీటరు ఎడంలో సెన్సారు వుంటుంది. పళ్లు దాటిపోతుంటే సెన్సారు లెక్కపెట్టి కబురు పంపుతుంది. నాలుగు చక్రాల లెక్కలనూ యంత్రం పోల్చి చూసుకుంటుంది. స్థిరత్వ యంత్రమూ ఈ లెక్కల మీదనే ఆధారపడుతుంది. అందుకే ఒక్క సెన్సారు చెడితే రెండు పసుపు దీపాలు వెలుగుతాయి. రెండు దీపాలకు రెండు రిపేర్లని ఎవరైనా చెబితే తొందరపడి ఒప్పుకోకండి.

మా ప్రాంతంలో ఆ సందులోకి చేరేది ఎర్రమట్టి, వానాకాలపు బురద, బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి. అంతకంటె తుంటరివి ఎలుకలు. చింతచెట్టు కింద రెండు వారాలు కదలకుండా నిలిపిన కారులో తీగె కొరకడం వాటికి పండుగ. ముందు తుడవండి, తీగె పొడవునా చూడండి, ప్లగ్గు విప్పి పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. జాకీ మీద ఎత్తినప్పుడు కారు కదలకుండా మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి, కింద స్టాండు పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టి వూపండి. లటలటమంటే బేరింగు పోయింది. ఇటీవల బేరింగు మార్చిన చక్రమైతే ఇంకొకటి చూడాలి. కొన్ని బేరింగులకు ఒక పక్కనే అయస్కాంతం వుంటుంది. తిరగేసి బిగిస్తే చక్రం హాయిగా తిరుగుతుంది, కబురు మాత్రం రాదు.

స్కానరు చెప్పేదీ, చెప్పనిదీ

స్టీరింగు కింద పదహారు కాళ్ల సాకెట్టు ఒకటి వుంటుంది. స్కానరు తగిలిస్తే యంత్రం దాచుకున్న గుర్తు అంకెలు బయటికి వస్తాయి. చవకగా దొరికే చిన్న స్కానర్లలో చాలా వరకు ఇంజను గుర్తులే చదువుతాయి. అవి "లోపం లేదు" అన్నంత మాత్రాన బ్రేకులు బాగున్నట్టు కాదు. బ్రేకుల గుర్తులు సాధారణంగా "సి" అక్షరంతో మొదలవుతాయి. వాటిని చదవగల స్కానరు వున్న షెడ్డుకే పోవాలి.

అప్పుడు ఇలాంటి సంభాషణ జరుగుతుంది.

"ముందర ఎడమ పక్క సెన్సారు పోయిండాది సార్. కొత్తది ఏసేద్దామా?"

"ఆ పక్క నుంచి కబురు రావడం లేదని గదా నాయనా అది చెప్పేది. ముందు తీగె చూడు, చక్రం వూపి చూడు. తరువాత సెన్సారు సంగతి చూద్దాం."

ఈ తేడా తెలిసినవారి జేబు భద్రం. స్కానరు చోటు చూపిస్తుంది, కారణం చెప్పదు. సెన్సారు, తీగె, ప్లగ్గు, ఉంగరం, బేరింగు - ఏది చెడినా వచ్చే గుర్తు ఒకటే కావచ్చు. నిజం తేల్చడానికి మంచి దారి ఒకటి వున్నది. స్కానరు తగిలించి వుంచి, ఖాళీ రోడ్డు మీద గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో నేరుగా నడపాలి. పక్కన కూర్చున్నవారు నాలుగు చక్రాల వేగాలూ చూడాలి. మూడు ఇరవై చూపి ఒకటి సున్నా చూపితే, లేదా గంతులు వేస్తుంటే దొంగ దొరికినట్టే. రిపేరు తరువాత గుర్తు చెరిపి మళ్లీ నడిపి చూడాలి. చెరిపినంత మాత్రాన జబ్బు తగ్గదు.

మా పొరుగున పుత్తూరు కట్టు దేశమంతా ఎరిగినదే. విరిగిన ఎముకకు పసరు, వెదురు బద్దలు పెట్టి కట్టేవారు కూడా మొదట చేత్తో తడిమి విరుపు ఎక్కడో తెలుసుకుంటారు. తడమకుండా కట్టు కట్టరు. కారుకూ అదే న్యాయం.

ఆరిపోయిన దీపం

వెలిగే దీపం కంటె ఎన్నటికీ వెలగని దీపం ప్రమాదకరమైనది. పాత కారు అమ్మేటప్పుడు రిపేరు ఖర్చు తప్పించుకోవడానికి దీపం బల్బు తీసివేసేవారు, వెనుక నల్లపట్టీ అంటించేవారు, దాని తీగెను మరో దీపం తీగెకు కలిపి రెండూ ఒకేసారి ఆరేలా చేసేవారు వున్నారు. కొనేవారు అద్దంలో ఏ దీపమూ లేదని సంతోషిస్తారు.

ఈ మోసాన్ని పట్టే ఉపాయం తేలిక. ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పండి. ఎర్రదీపం, ఏ.బి.ఎస్. దీపం, జారే కారు బొమ్మ - ఆ కారుకు వున్నవన్నీ ఒకసారి వెలగాలి. పసుపు దీపాలు కొద్ది క్షణాలకు వాటంతట అవి ఆరాలి. ఒకటి అసలు వెలగకపోతే ఆ ఏర్పాటు ఆ కారుకు లేకనైనా పోవాలి, దాచనైనా దాచి వుండాలి. బానెట్ ఎత్తి, బ్రేకు గొట్టాలు ఎన్నో వచ్చి కలిసే లోహపు దిమ్మె వున్నదేమో చూడండి. దిమ్మె వుండి దీపం లేకపోతే బేరం అక్కడే ఆపండి. దీపం ఎప్పుడు ఆరుతున్నదో కూడా గమనించాలి, ఏ.బి.ఎస్. దీపం సరిగ్గా మరో దీపంతో కలిసి, ఇంజను స్టార్టయితేనే ఆరుతుంటే సందేహించాలి.

కొండకు బయలుదేరే ముందు

పసుపు దీపం ఒక్కటే వెలుగుతూ, పెడలు గట్టిగా వుండి, ఆయిలు నిండుగా వుంటే, మెల్లగా, ముందు బండికి రెట్టింపు ఎడం వదిలి షెడ్డుదాకా పోవచ్చు. షెడ్డుదాకానే; కొండదాకా కాదు. స్వామి దర్శనానికి ఆర్.టి.సి. బస్సులు వున్నాయి. ఎర్రదీపమైతే షెడ్డుకు కూడా తోలుకుపోవద్దు, మెకానిక్కునే పిలిపించండి.

దీపాలన్నీ ఆరి, బండి బాగున్నప్పుడు కూడా దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగడం పెద్దలు చెప్పిన పద్ధతి. ఇంజనే బండిని పట్టి వుంచుతుంది. బ్రేకు అదేపనిగా నొక్కి వుంచక, మలుపుకు ముందు గట్టిగా తొక్కి వదిలితే ప్యాడ్లకు చల్లారే వ్యవధి దొరుకుతుంది. హఠాత్తుగా ఆపవలసివచ్చి ఏ.బి.ఎస్. పనిచేస్తే పెడలు కాలి కింద అదురుతుంది. బెదిరి కాలు తీయవద్దు. అదిమి పట్టి, స్టీరింగును కావలసిన వైపుకు తిప్పండి. ఆ అదురు, యంత్రం మన తరఫున సెకనుకు పలుమార్లు బ్రేకు వదిలి పట్టే చప్పుడు.

ఈ పరీక్షలలో చాలావాటికి పనిముట్లు అక్కరలేదు. తాళం తిప్పి దీపాలు చూడడానికి అర నిమిషం, బానెట్ ఎత్తి ఆయిలు చూడడానికి ఒక నిమిషం, వెనుక లైటు చూడమని ఇంట్లోవారిని అడగడానికి మరొక నిమిషం. ఇంటి గృహిణి చేసినా, కాలేజీకి పోయే అమ్మాయి చేసినా సరిపోయే పని. ఆదివారం ఉదయం కారు కడిగేటప్పుడే ఇదీ చూసుకుంటే, తలనీలాలకు బయలుదేరిన రోజున మనసు మొక్కు మీద నిలుస్తుంది.